బాన్ నగరంలో ఏప్రిల్ 14

వార్షికోత్సవ సంచికకు ఏమైనా రాసి పంపమని వార్డెన్ సారు ఫోన్ చేసినప్పుడు మేము ముగ్గురం మూడు ఊళ్ళలో ఉన్నాము. ఎవరు రాయాలన్నదాని మీద వారం రోజులు వాదులాడుకొని చివరికి ముగ్గురం కలిసే రాస్తున్నాము. అందుకే ఇందులో "నేను" అన్నవాడు లేడు. ఒకే ట్రంకుపెట్టె మీద ముగ్గురం కూర్చొని హోంవర్కు రాసినవాళ్ళము, ఒకే వ్యాసంలో సర్దుకోవడం మాకు కష్టం కాదు. పేర్లు ఎందుకు, మా బ్యాచ్ వాళ్ళకు హాస్టల్ పేర్లు చెబితే చాలు: పొడుగోడు, బక్కోడు, లీడరు. లీడరు అంటే రాజకీయ లీడరు కాదు. ఎనిమిదో తరగతిలో మెస్ లీడరుగా ఉండి గుడ్లు లెక్కపెట్టి పంచినవాడు.

2021 అక్టోబరులో మేము ఎం.ఎస్. చదవడానికి జర్మనీ వెళ్ళాము. కాలేజీలు వేరు, ఊళ్ళు వేరు, రాష్ట్రం మాత్రం ఒకటే. దాని పేరు నార్త్ రైన్ వెస్ట్‌ఫాలియా. ఇద్దరికి అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల సాయం వచ్చింది. బక్కోడికి రాలేదు, డిగ్రీలో మార్కుల శాతం తగ్గింది. వాళ్ళ నాయన ఉన్న రెండెకరాల్లో ఒక ఎకరం అమ్మాడు, మిగతాది బ్యాంకు లోను. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు అవసరం పడుతుంది.

వెళ్ళాలనుకునే తమ్ముళ్ళకు ఇక్కడే నాలుగు ముక్కలు చెప్పేస్తాము. జర్మనీలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల ఫీజు ఉండదు. సెమిస్టరుకు కొంత రుసుం కడితే చాలు, మేము చదివిన రోజుల్లో ఆ డబ్బులోనే రాష్ట్రమంతా రైళ్ళలో, బస్సుల్లో తిరిగే పాసు కూడా వచ్చేది. ఫీజు లేదు గదా అని సంబరపడొద్దు. వీసా కోసం ఒక ఏడాది ఖర్చు ముందే ఒక ఖాతాలో వేసి చూపాలి, అందులోంచి నెలనెలా కొంతే తీసుకోనిస్తారు. 2023లో అది 11,208 యూరోలు, 2024 సెప్టెంబరు నుంచి 11,904 యూరోలు. 2022 నవంబరు నుంచి ఏపీఎస్ అనే సర్టిఫికెట్టు కూడా అడుగుతున్నారు. ఇంకొకటి ఉంది, దాన్ని ఏ కన్సల్టెన్సీ వాడూ ముందు చెప్పడు. చాలా కోర్సుల్లో ఒక పరీక్షను మూడుసార్లే రాయనిస్తారు. మూడోసారి కూడా పోతే ఆ కోర్సును దేశంలో ఇంకెక్కడా చదవనివ్వరు. మన దగ్గరలాగా సప్లిమెంటరీలు రాసుకుంటూ పోవచ్చనుకుంటే అక్కడ కుదరదు.

ఇక అసలు సంగతి. మన హాస్టల్ లైబ్రరీ అంటే ఒక ఇనుప బీరువా. అందులో అట్ట ఊడిన అంబేద్కర్ జీవితచరిత్ర ఒకటి ఉండేది. ఏటా ఏప్రిల్ 14న స్టడీ అవర్లో ట్యూటర్ సారు దాన్ని మాతో వంతులవారీగా చదివించేవారు. 1921లో బాబాసాహెబ్ బాన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళారని అందులో ఒక్క ముక్క. ఆ వంతు పొడుగోడిది. "బాన్ అంటే యాడుంటది సార్?" అని అడిగాడు. సారు అట్లాసు తెచ్చి, సగం చిరిగిన యూరప్ పేజీలో వేలు పెట్టి చూపించి, "జర్మనీల ఉంటది. సదువుకుంటే పోవచ్చు" అని, "తర్వాతోడు సదువు" అన్నారు. అంతే. ఆ తర్వాత మేము మరచిపోయాము. 2023 జనవరిలో లీడరు ఏదో పనిమీద పోతుంటే రైలు కిటికీలోంచి స్టేషను బోర్డు కనిపించింది. ఫోటో తీసి మాకు పంపాడు, కింద ఏమీ రాయలేదు. మేమూ ఏమీ అడగలేదు. వచ్చే ఏప్రిల్ 14న పోవాలని ముగ్గురికీ అర్థమైంది.

13వ తేదీ రాత్రే ఇద్దరం లీడరు ఉండే ఇంటికి చేరుకున్నాము. ఆ ఇంట్లో మరో నలుగురు తెలుగు విద్యార్థులున్నారు. భోజనాల దగ్గర "రేపు ఎక్కడికి ప్రోగ్రాం?" అని అడిగారు. పొడుగోడు తడుముకోకుండా, "బాన్. బీథోవెన్ ఇల్లు చూడ్డానికి" అన్నాడు. మిగతా ఇద్దరం తలూపాము.

ఎందుకు అబద్ధం చెప్పామో రాయాలి. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. లీడరుకు జ్వరమొస్తే గంజి కాచి పోసింది వాళ్ళే. కాని వచ్చిన కొత్తలో వాళ్ళలో ఒకతను ఇంటిపేరు అడిగాడు, నాన్నగారు ఏం చేస్తారని అడిగాడు, టెన్త్ ఏ స్కూలని అడిగాడు. లీడరు ఒక్కొక్కదానికి సగం సగం జవాబు చెప్పాడు. హాస్టల్ మాట రానివ్వలేదు. అలా మొదలైంది, ఏడాదిన్నర గడిచింది. ఆ రాత్రి కింద పక్కలు వేసుకొని పడుకున్నాము. హాస్టల్లో ముగ్గురం చేరితే వాచ్‌మన్ వచ్చి కసిరేదాకా మాటలే. ఆ రాత్రి మాత్రం ఎవరమూ మాట్లాడలేదు.

తెల్లారి పులిహోర కలిపి డబ్బాల్లో సర్దుకొని బయలుదేరాము. కొలోన్‌లో రైలు మారాలి. స్టేషను బయటికి రాగానే ఎదురుగా పెద్ద చర్చి, ఎత్తు 157 మీటర్లు. తల వెనక్కి వంచితే టోపీ కిందపడుతుంది. 1248లో మొదలుపెట్టి 1880లో పూర్తిచేశారట. "ఆరు వందల ముప్పై రెండేండ్లు! మన హాస్టల్ కొత్త బిల్డింగే నయం రా" అన్నాడు బక్కోడు. ఆ రోజు వాడు నవ్వించిన మాట అదొక్కటే. వాడెందుకో నలతగా ఉన్నాడని మేము అప్పుడు గమనించనే లేదు.

కొలోన్ నుంచి బాన్ అరగంట లోపే. మబ్బు పట్టి, చలిగా ఉంది. 1949 నుంచి పశ్చిమ జర్మనీకి ఇదే రాజధాని అంటే నమ్మబుద్ధి కాదు, మన జిల్లా కేంద్రంలాగా నెమ్మదిగా ఉంటుంది. రెండు జర్మనీలు కలిశాక 1991లో పార్లమెంటులో ఓటింగు పెడితే 338 మంది బెర్లిన్ అన్నారు, 320 మంది బాన్ అన్నారు. పద్దెనిమిది ఓట్లతో రాజధాని పోయింది. పొడుగోడు ఉద్యమంలో తిరిగినవాడు కాబట్టి ఆ లెక్క మీద స్టేషను నుంచి కూడలిదాకా మాట్లాడుతూనే ఉన్నాడు.

ఆ కూడలిలో బీథోవెన్ విగ్రహం ఉంది. 1845లో పెట్టారు. ఆవిష్కరణకు ప్రష్యా రాజు, ఇంగ్లండు నుంచి విక్టోరియా రాణి వచ్చి పక్కనున్న భవనం బాల్కనీలో కూర్చున్నారు. తెర తీస్తే బీథోవెన్ వీపు వాళ్ళవైపు ఉంది! మాకు ఆ కథ చాలా నచ్చింది. కావాలని చేసింది కాదంటారు కాని, కావాలని చేసి ఉంటే ఇంకా బాగుండేది.

అబద్ధం చెప్పినందుకు ఆ ఇల్లు కూడా చూడాలి గదా. బాన్‌గాస్సె అనే సన్న వీధిలో 20వ నంబరు ఇల్లు. 1770 డిసెంబరులో అక్కడే పుట్టాడు. తండ్రి రాజుగారి కొలువులో పాటగాడు, ఇల్లు అద్దెది. ముగ్గురి టికెట్లకు అయ్యే డబ్బుకు వారం కూరగాయలు వస్తాయని లీడరు లెక్క చెప్పాడు. బయట నిలబడి సెల్ఫీ దిగాము. ఆ ఫోటోలో మా ముఖాలు దొంగతనం చేసి దొరికినవాళ్ళ ముఖాల్లా ఉంటాయి.

అటునుంచి పాత బస్తీలో చెర్రీ చెట్ల వీధులు చూశాము. రెండువైపులా చెట్లు కలిసి గులాబీ రంగు పందిరి వేసినట్టుంటాయి, ఏప్రిల్లో కొన్ని రోజులే. జనం పెళ్ళికి వచ్చినట్టు ఫోటోలు దిగుతున్నారు. మేము ఎక్కువసేపు ఆగలేదు.

మార్కెట్ కూడలిలో మాత్రం ఆగాము. పాత మున్సిపల్ భవనం ముందు నేలమీద రాళ్ళ మధ్య కంచుతో చేసిన పుస్తకాల వెన్నులు పొదిగారు, వాటిమీద పుస్తకాల పేర్లు, రాసినవాళ్ళ పేర్లు. 1933 మే 10న నాజీల కాలంలో ఇక్కడ పుస్తకాలు కుప్ప పోసి తగలబెట్టారు. చేసింది చదువురాని మూక కాదు, ఆ ఊరి విద్యార్థులు, ప్రొఫెసర్లూ. 2013లో ఈ గుర్తులు పెట్టారు. నడిచేవాళ్ళు వాటిమీద నుంచే నడిచిపోతుంటారు. మాకు తొక్కబుద్ధి కాలేదు. పుస్తకం కాలికి తగిలితే కళ్ళకద్దుకునే అలవాటు ఎక్కడికి పోతుంది? పొడుగోడు ఒక వెన్ను ముట్టుకొని కళ్ళకద్దుకున్నాడు. పక్కనున్న ముసలావిడ వింతగా చూసి, తర్వాత నవ్వింది.

విశ్వవిద్యాలయం అక్కడికి దగ్గరే. పసుపు రంగు గోడలతో పొడవాటి రాజభవనం. బీథోవెన్ కుటుంబం కొలువు చేసిన రాజు కోట అదే. 1818లో ప్రష్యా రాజు విశ్వవిద్యాలయం స్థాపించి దాన్ని చదువుకు ఇచ్చాడు. ముందు పెద్ద పచ్చిక మైదానం, దాన్ని హోఫ్‌గార్టెన్ అంటారు. గేటు లేదు. వాచ్‌మన్ లేడు. అయినా పొడుగోడు తలుపు దగ్గర ఆగిపోయాడు. "ఐడీ కార్డు అడుగుతరేమో" అన్నాడు. మేము కూడా ఆగాము. ముగ్గురం అదే దేశంలో ఏడాదిన్నరగా చదువుతున్నాము, ఎక్కడా ఎవరూ ఆపరని తెలుసు. ఆ తలుపు దగ్గర మాత్రం కాలు ఆడలేదు. వెనకనుంచి హెల్మెట్ పెట్టుకున్న కుర్రాడొకడు వచ్చి తలుపు తీసి, తను లోపలికి పోకుండా మాకోసం పట్టుకొని నిలబడ్డాడు. ఇక వెళ్ళక తప్పలేదు.

లోపల మన కాలేజీల్లాంటివే నోటీసు బోర్డులు, గది కావాలని అతికించిన కాగితాలు. బాబాసాహెబ్ పేరుగల ఫలకం ఏదైనా ఉంటుందేమోనని వరండాలన్నీ తిరిగాము. మా కంటికి కనపడలేదు. అప్పుడు ఒక బెంచీ మీద కూర్చొని లీడరు సంచిలోంచి జిరాక్సు కాగితాలు తీశాడు. రెండు నెలలుగా పోగుచేసి పెట్టుకున్నాడట. వంతులవారీగా చదవమన్నాడు, ట్యూటర్ సారులాగా.

1913లో బరోడా స్కాలర్‌షిప్పుతో అమెరికా వెళ్ళి కొలంబియాలో చదివినప్పుడే ఆయన జర్మన్ భాష ఒక కోర్సుగా నేర్చుకున్నారు. 1920లో రెండోసారి లండను వచ్చారు. ఈసారి స్కాలర్‌షిప్పు లేదు. సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి కూడబెట్టిన డబ్బు, నావల్ భతేనా అనే పార్సీ మిత్రుడిచ్చిన 5,000 రూపాయల అప్పు, కొల్హాపూర్ షాహూ మహారాజు సాయం. అక్కడ ఎకనామిక్స్, బారిస్టరు చదువు రెండూ చదువుతూనే, 1921 ఏప్రిల్లో ఈ విశ్వవిద్యాలయంలో కూడా పేరు రాయించుకున్నారు. దరఖాస్తు జర్మన్‌లో స్వయంగా చేత్తో రాశారు.

ఇంకో ముక్క పొడుగోడి వంతుకు వచ్చింది. జర్మనీలో సంస్కృతానికి మొదటి ప్రొఫెసరు పదవి పెట్టింది ఈ బాన్‌లోనే, 1818లో. ఆ ప్రొఫెసరు పేరు ష్లెగెల్. 1823లో ఆయన భగవద్గీతను లాటిన్ అనువాదంతో ఇక్కడే అచ్చువేశాడు. బొంబాయిలో హైస్కూలు పిల్లవాడిగా అంబేద్కర్ సంస్కృతం చదువుతానంటే కులం చూసి వద్దన్నారు, పర్షియన్ తీసుకోవలసి వచ్చింది. సముద్రాల అవతల లాటిన్ వాళ్ళకు దొరికిన చదువు సొంత ఊళ్ళో ఆయనకు దొరకలేదు. అలాగని జర్మనీని నెత్తిన పెట్టుకొని ఊరేగనక్కరలేదు. పుస్తకాలు కాల్చిన కూడలి అక్కడికి పది నిమిషాల నడక కూడా లేదు.

చివరి కాగితం బక్కోడి వంతు. లండనులో చదువు ఒత్తిడి వల్ల ఆయన ఇక్కడ తరగతులకు హాజరు కాలేకపోయారు. హాజరు లేనందున 1922 జనవరిలో విశ్వవిద్యాలయం ఆయన పేరు తొలగించింది. బక్కోడు అక్కడ ఆగిపోయాడు. మళ్ళీ మొదటినుంచి చదివాడు, ఈసారి బయటికి వినపడకుండా. "పేరు కొట్టేసిన్రా?" అన్నాడు. "కొట్టేసిన్రు" అన్నాడు లీడరు. "అంబేద్కర్ పేరు?" "ఆ."

వాడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇవ్వమని లీడరు అడగలేదు.

బయటికి వచ్చి పచ్చికలో కూర్చొని పులిహోర డబ్బాలు తీశాము. మూడు ముద్దలు తిన్నాక బక్కోడు తల ఎత్తకుండా చెప్పాడు. ఒక సబ్జెక్టు రెండుసార్లు పోయింది. మూడోదానికి ఇంకా పేరు ఇవ్వలేదు. ఇవ్వకుండానే ఇంటికి వెళ్ళిపోదామని ఆలోచన. ఫిబ్రవరి నుంచి మాకు చెప్పలేదు. ఇంట్లో అంతా పాసయ్యానని చెప్పాడు. "నాయిన అమ్మిన ఎకరం పక్కోడు కొన్నడు. రోజూ దాని పక్కపొంటి నడుసుకుంటనే పనికి పోతడు" అన్నాడు. ఇంకేమీ అనలేదు.

మాకు కోపమొచ్చింది. ఫెయిలైనందుకు కాదు, దాచినందుకు. పొడుగోడు తిట్టాడు, ఇక్కడ రాయకూడని మాటలు. ఆ పచ్చికలో తెల్లపిల్లలు గిటారు వాయించుకుంటుంటే ఒక తెలుగువాడు మరో తెలుగువాణ్ణి అమ్మమ్మ కాలంనాటి తిట్లు తిట్టడం ఆ కోట ఎన్నడూ చూసి ఉండదు. లీడరు తిట్టలేదు. "గుడ్డు పగిలిందని ట్రేల అడుగున పెట్టి దాస్తే తెల్లారి వాసనొస్తది. నువ్వే గద మెస్‌ల నాకు చెప్పింది" అన్నాడు. అప్పుడు బక్కోడు ఏడ్చాడు. మేము అటూ ఇటూ కూర్చొని తిన్నాము. ఆకలి ఆగదు గదా. లండనులో రాత్రిపూట ఆకలేస్తే బాబాసాహెబ్ నాలుగు అప్పడాలు కాల్చుకొని తిని మళ్ళీ చదువుకు కూర్చునేవారని ఆ అట్ట ఊడిన పుస్తకంలోనే చదివాము.

అక్కడే, ఫోన్‌లోనే, పరీక్షకు పేరు ఇప్పించాము. పాస్‌వర్డు వాడికి గుర్తులేదు, అరగంట పట్టింది. ఆ ఏడాది జూలైలో రాశాడు. జర్మనీలో 1 వస్తే గొప్ప, 4 వస్తే గట్టెక్కినట్టు, 5 అంటే పోయినట్టు. వాడికి సరిగ్గా 4 వచ్చింది. దానికోసం మే, జూన్ నెలల్లో ప్రతి శని ఆదివారాలు పొడుగోడు మూడు గంటలు రైల్లో పోయి వాడికి లెక్కలు చెప్పాడు.

అదే మధ్యాహ్నం ఫోన్లు మోగడం మొదలైంది. హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ దగ్గర 125 అడుగుల అంబేద్కర్ విగ్రహాన్ని ఆవిష్కరించింది సరిగ్గా ఆ రోజే, 2023 ఏప్రిల్ 14న. కింద పీఠమే 50 అడుగులు. పైనుంచి పూలు చల్లుతున్న వీడియోలు ఒకదాని మీద ఒకటి వచ్చాయి. వాటి మధ్యలో మన హాస్టల్ గ్రూపులో ఒక ఫోటో: వరండాలో బల్లమీద పెట్టిన పాత ఫోటోకు బంతిపూల దండ, ముందు పిల్లలు వరుసగా. వెనకవరుసలో ఒకడు కళ్ళు మూసుకున్నాడు, ప్రతి ఫోటోలోనూ ఒకడు ఉంటాడు. మేము పసుపు కోట ముందు నిలబడి ఫోటో దిగి గ్రూపులో పెట్టాము. "బాన్ విశ్వవిద్యాలయం" అని రాశాము. రెండు నిమిషాల్లో ట్యూటర్ సారు నుంచి జవాబు: "అట్లాసుల యాడుంటది?"

ఇంకా పొద్దు ఉంది కనుక రైన్ నది చూడడానికి నడిచాము. పేరున్న నదే కాని వర్షాకాలపు గోదావరి చూసిన కళ్ళకు ఆనదు. దానిమీద కెన్నెడీ వంతెన, అక్కడ ఒక చిన్న బొమ్మ కథ ఉంది. 1898లో మొదటి వంతెన కట్టినప్పుడు అవతలి ఒడ్డున ఉన్న బోయెల్ ఊరివాళ్ళు డబ్బు ఇవ్వమన్నారట. బాన్ వాళ్ళు కట్టి, దానిమీద అవతలి ఊరికి పిరుదులు చూపించే బొమ్మను పెట్టారు. హాస్టల్ పిల్లలకు ఈ కథ తప్పక చెప్పాలని లీడరు పట్టుబట్టాడు, అందుకే రాశాము. అదే విశ్వవిద్యాలయంలో పదిహేడేళ్ళ వయసులో చేరిన కార్ల్ మార్క్స్ 1836లో తాగి గోల చేసినందుకు ఒక రోజు విశ్వవిద్యాలయం కొట్టులో ఉన్నాడన్నది కూడా రాయమన్నాడు. దాన్ని చూసి ఎవరూ నేర్చుకోవద్దు.

ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిది. వంటింట్లో నలుగురూ ఉన్నారు. "బీథోవెన్ ఇల్లు ఎలా ఉంది?" అని అడిగారు. సెల్ఫీ ఉంది, చూపిస్తే సరిపోయేది. పొడుగోడు మా ముఖాలు చూశాడు. మాట్లాడింది బక్కోడు. "ఇల్లు బయటినుంచే చూసినం. మేము పోయింది దానికి కాదు. ఇయ్యాల అంబేద్కర్ జయంతి. ఆయన పేరు రాయించుకున్న యూనివర్సిటీ చూడనీకి పోయినం. మేం ముగ్గురం సాంఘిక సంక్షేమ హాస్టల్ల సదువుకున్నోళ్ళం" అన్నాడు.

కాసేపు కుక్కరు చప్పుడు తప్ప ఏమీ లేదు. ఒకతను ప్లేటు తీసుకొని తన గదిలోకి వెళ్ళాడు. ఆ తర్వాత కూడా మాతో మాట్లాడాడు కాని, తగ్గించి మాట్లాడాడు. మరొకతను "అంబేద్కర్ బాన్‌కు వచ్చారా? నాకు తెలియనే తెలియదన్నా" అని జిరాక్సు కాగితాలు అడిగి తీసుకున్నాడు. ఒకటి తక్కువుంది, అది బక్కోడి జేబులో ఉంది. మూడో అతనికి మాత్రం హాస్టల్లో వారానికి ఎన్ని గుడ్లు పెట్టేవాళ్ళో కావలసి వచ్చింది. దాంతో లీడరు లేచి నిలబడి మెనూ మొత్తం అప్పజెప్పాడు, ఆదివారం దాకా.

ఆ రాత్రి వండింది కూడా గుడ్ల కూరే. ఏడుగురికి ఎనిమిది గుడ్లు. గరిటె లీడరు చేతికే ఇచ్చారు. తలా ఒకటి వేసి, గదిలోకి వెళ్ళినతని వాటా తీసి తలుపు కొట్టి ఇచ్చి వచ్చాడు. మిగిలిన గుడ్డును దారంతో రెండు ముక్కలు చేసి ఒక ముక్క బక్కోడి ప్లేటులో వేశాడు. రెండో ముక్క కోసం పొడుగోడు, కాగితాలు అడిగినతను కొట్టుకున్నారు.